ఎమ్మా జీతం ఎంత?

అమ్మాయ్,

నీ నవల మూడు అధ్యాయాలూ అందాయి. మొదటిసారి ఫోన్లోనే చదివేశాను, కళ్లు లాగేశాయి. తర్వాత మా వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని వరండాలో కూర్చున్నాను. షాపబ్బాయి కాగితాలు సర్దుతూ "ఏంటమ్మా, అన్నీ ఇంగ్లీషు పేర్లు, రాసింది తెలుగు" అన్నాడు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో నూట నలభై ఏళ్ల కిందటి ఒక పిల్ల కథ బాబూ అంటే, "అప్పటికే మనోళ్లు అక్కడికి వెళ్లారా!" అని ఆశ్చర్యపోయాడు. వెళ్లలేదు, ఇప్పుడు వెళ్లారు, అందుకే ఒకమ్మాయి రాస్తోంది అన్నాను. అతనికి ఆ జవాబు సరిపోయింది. నువ్వు ఉత్తరం చివర అడిగావే, "వాళ్ల కథ రాసే అర్హత నాకుందా పెద్దమ్మా" అని, దానికీ అదే నా జవాబు. ఆరేళ్లుగా ఆ గాలిలో ఉంటున్నావు, వాకిట్లో మంచు నువ్వే పారతో ఎత్తి పోసుకుంటున్నావు. రాయి. ఆ టెన్షన్ వదిలెయ్.

అసలు సంగతి వేరే. నలభై ఒక్క పేజీలు చదివాను. ఎమ్మా కళ్లు ఏ రంగో తెలిసింది, ఆమెకి గాలి చప్పుడు వింటే వాళ్లమ్మ గుర్తొస్తుందని తెలిసింది, సూర్యాస్తమయాలు నాలుగు వచ్చాయి (లెక్కపెట్టాను, నాలుగు). ఎమ్మా బడిపంతులమ్మ కదా, ఆమె జీతం ఎంతో మాత్రం తెలియలేదు.

నవ్వకు. దీని వెనక నాదొక సిగ్గుమాలిన కథ ఉంది. ముప్ఫై ఏళ్ల కిందట ఒంగోలులో ఉన్నప్పుడు పొగాకు గ్రేడింగుకి వెళ్లే ఆడవాళ్ల మీద కథ రాశాను. పొగాకు ఘాటు, దగ్గు, మేస్త్రీ చూపులు, అన్నీ పెట్టాను. వారపత్రికలో అచ్చయింది, ఉత్తరాలొచ్చాయి, నేను కాస్త పొంగిపోయాను కూడా. మా ఇంటికి పాలు పోసే ఆవిడ అంతకుముందు చాలా ఏళ్లు గ్రేడింగుకి వెళ్లిన మనిషి. ఆమెని కూర్చోబెట్టి కథంతా చదివి వినిపించాను. చివరిదాకా బుద్ధిగా విని, "బానే ఉందమ్మా, మరి ఆ పిల్లకి కూలెంత?" అంది. నేను రాయలేదు, నాకు తెలియదు. "పోనీ రోజుకా, కేజీకా?" అంది. అదీ తెలియదు. ఆమె ఇంకేమీ అనలేదు, చెంబు తీసుకుని వెళ్లిపోయింది. రోజు కూలీ అయితే ఆ పిల్ల ఒకలా కూర్చుంటుంది, కేజీల లెక్కయితే ఇంకోలా కూర్చుంటుంది, చేతులు కదిలే తీరే మారిపోతుంది, పక్కమనిషితో మాట్లాడే తీరు మారుతుంది. అంటే నేను రాసిన మనిషి అసలు ఆ షెడ్డులో లేదన్నమాట. ఆ కథ ఇప్పటికీ నా సంపుటాల్లో చేర్చలేదు.

అందుకే ఎమ్మాని పట్టుకుని అదే ప్రశ్న అడుగుతున్నాను. ఆమె చేతులు రోజంతా ఏం చేస్తాయి, ఆ పనికి డబ్బు ఎంతొస్తుంది, వచ్చింది ఎవరి చేతిలో పడుతుంది? నీ నవల ఈ మూడింటి మధ్యే ఉంది, నువ్వింకా అక్కడికి రాలేదు.

ముందు ఒక పచ్చి తప్పు చెప్తాను. 1886లో ఎమ్మాకి పద్దెనిమిదేళ్లు అన్నావు, రెండో అధ్యాయంలో ఆమె ల్యాండ్ ఆఫీసుకి వెళ్లి తన పేరు మీద భూమికి అర్జీ పెట్టిందన్నావు. కుదరదు. సర్కారు భూమిని సాగు చేసేవాళ్లకి ఇవ్వడానికి అధ్యక్షుడు లింకన్ 1862 మే 20న సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టంలో ఇరవై ఒక్క ఏళ్లు నిండాలని ఉంది, లేదా కుటుంబానికి పెద్ద అయి ఉండాలి. పెళ్లికాని ఆడదానికీ, వితంతువుకీ, మొగుడు వదిలేసిన దానికీ హక్కుంది. మొగుడితో కాపురం చేస్తున్న ఆడదానికి లేదు, ఆమెకి పెద్ద అతనే కాబట్టి. 160 ఎకరాలు, ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు, అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేసి చూపించాలి. ఆగలేకపోతే ఆరు నెలలుండి, ఎకరానికి డాలర్ పాతిక సెంట్లు కట్టి కొనుక్కోవచ్చు. అంటే 200 డాలర్లు. ఆ 200 ఎమ్మా దగ్గర ఎప్పటికి పోగవుతాయో లెక్క వేసుకో, అధ్యాయాలు వాటంతటవే వస్తాయి.

నిజానికి ఈ తప్పు నీకు వరం. నీ నవల ఊరున్న కస్టర్ కౌంటీలోనే క్రిస్‌మన్ అక్కచెల్లెళ్లని నలుగురు ఉండేవాళ్లు. 1886లో గడ్డినేలని కోసి పేర్చిన పచ్చికపెళ్లల ఇంటి ముందు గుర్రాలతో నిలబడి ఫోటో తీయించుకున్నారు, నువ్వు చూసే ఉంటావు. పెద్దవాళ్లలో లిజీ 1887లో క్లెయిము, అంటే భూమికి అర్జీ, పెట్టింది, లూటీ మరుసటి ఏడు పెట్టింది. చిన్నవాళ్లు వయసు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఒక్కో క్లెయిము మీద ఒక్కో గుడిసె, చట్టం కోసం అక్కడ కాపురం ఉన్నట్టు కనిపించాలి, ఒంటరిగా ఉండలేరు, అందుకని వంతులు వేసుకుని ఒకరి దగ్గర ఒకరు పడుకునేవాళ్లట. ఇప్పుడు నీ ఎమ్మాని చూడు. పద్దెనిమిదేళ్లది, ఇంకా మూడేళ్లు ఆగాలి, రైలు వచ్చేసింది, జనం దిగుతున్నారు, కళ్లముందే మంచి మంచి భూములన్నీ ఎవరెవరో రాయించుకుంటున్నారు. ఈలోగా ఒకబ్బాయి పెళ్లి చేసుకుందాం అంటాడు. పెళ్లయితే ఆమె పేరున కొత్తగా క్లెయిము రాదు. ముందే క్లెయిము ఉన్నా మొగుడూ పెళ్లాం చెరో భూమి మీద వేర్వేరుగా కాపురం ఉన్నామని చూపించలేరు, ఏదో ఒకటి వదులుకోవాలి. సరిగ్గా సరిహద్దు గీత మీద ఇల్లు కట్టి, మంచం అటూ పొయ్యి ఇటూ పెట్టి తప్పించుకున్న జంటల కథలు ఉన్నాయి. నువ్వు మూడో అధ్యాయంలో "ప్రేమా, స్వేచ్ఛా?" అని ఒక పేజీన్నర తర్కం రాశావే, అది మొత్తం కొట్టెయ్. ఒక క్యాలెండరు చాలు ఆమెకి, పుట్టినరోజు దగ్గర గీత పెట్టుకోవడానికి.

ఇక జీతం. ఆ రోజుల్లో పల్లె బడిలో పంతులమ్మకి నెలకి ఇరవై నుంచి ముప్ఫై డాలర్ల మధ్య ఇచ్చేవాళ్లు, అదీ బడి నడిచిన నెలలకే. ఒక టర్మంటే మూడు నాలుగు నెలలు. కౌంటీ సూపరింటెండెంటు పెట్టే పరీక్ష పాసైతే సర్టిఫికెట్, అందులో మూడో తరగతిది అన్నిటికంటే కిందిది, పదహారు పదిహేడేళ్ల పిల్లలు దానితోనే బడి నడిపేవాళ్లు. వెనక బెంచీలో కూర్చున్న కుర్రాడు ఆమెకంటే పెద్దవాడై ఉండొచ్చు, చలికాలం పొలం పని లేనప్పుడే వస్తాడు, పార పట్టి పట్టి చేతులు మొద్దుబారి పలక బలపం నిలవదు. పొయ్యి ముట్టించేది ఆమే, నేల ఊడ్చేది ఆమే. పిల్లల ఇళ్లలో ఒక్కో ఇంట్లో కొన్నాళ్లు మకాం. ఆ ఇల్లు ఒకటే గది. అందులో తండ్రీ, తల్లీ, అయిదుగురు పిల్లలూ, ఒక పాలేరూ, మధ్యలో ఈ పంతులమ్మ. బట్టలు ఎక్కడ మార్చుకుంది? స్నానం ఎప్పుడు? నెలసరి గుడ్డలు ఎక్కడ ఉతికి ఎక్కడ ఆరేసింది? ఆ కాలపు డైరీల్లో ఇవి ఉండవు, కడుపుతో ఉన్నామని కూడా సరిగ్గా రాసుకునేవాళ్లు కాదు, ఓ రోజు హఠాత్తుగా "ఆడపిల్ల పుట్టింది, గాలి ఎక్కువగా ఉంది" అన్నట్టు ఉంటుంది. వాళ్లు రాయలేదు కాబట్టే నువ్వు రాయాలి. మన పాఠకులకి ఉమ్మడి కుటుంబాల్లో ఒకే గదిలో దాపరికం ఎలాగుంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు, ఒక్క దుప్పటి తెర వేలాడదీస్తే మొత్తం అర్థమవుతుంది.

మొదటి అధ్యాయానికి వస్తాను. సూర్యాస్తమయం చూస్తూ నిలబడింది అన్నావు. ఎవరు నిలబడనిస్తారమ్మా ఆ పిల్లని? సాయంత్రం అయిందంటే పొయ్యిలోకి ఏదో ఒకటి చూడాలి. చెట్టు లేని నేల అది. తొలిరోజుల్లో అడవిదున్నల ఎండు పేడ ఏరేవాళ్లు, తర్వాత ఆవుల పేడ, మొక్కజొన్న కండెలు, అవీ లేకపోతే ఎండుగడ్డి ముడులు పేని పొయ్యిలో కుక్కడం. ఒహాయో నుంచీ ఇల్లినాయి నుంచీ వచ్చిన ఆడవాళ్లకి పేడ ముట్టుకోవాలంటే కడుపులో తిప్పేదట. మొదట పట్టకారుతో, తర్వాత గుడ్డముక్కతో, తర్వాత ఏప్రాన్ అంచుతో, చివరికి ఉత్త చేత్తో తీసి పొయ్యిలో వేసి, ఆ చేత్తోనే పిండి కలిపేవాళ్లని వాళ్లలో వాళ్లే నవ్వుకుంటూ చెప్పుకునే ముచ్చట. ఇక్కడ నీకు ఒక అమెరికన్ రచయితకి లేని సౌకర్యం ఉంది. మనకి పిడక అంటే అసహ్యం కాదు, గోడ మీద అయిదు వేళ్ల గుర్తు. నువ్వు ఎమ్మా అసహ్యం రాస్తుంటే తెలుగు పాఠకురాలు లోపల్లోపల "ఓస్, ఇంతేనా" అనుకుంటుంది. ఆ నవ్వుని వాడుకో. కాకపోతే అవి పిడకలు అని రాయకు. పిడక అంటే మనం చేత్తో కొట్టి ఆరబెట్టింది, అది బయట దానంతట అది ఎండి పడి ఉన్నది, ఏరుకొచ్చింది. ఏరుపేడ అనో ఎండుపేడ పెళ్లలు అనో అను.

మాటల దగ్గరికి వచ్చాం కాబట్టి ఇంకో రెండు. నువ్వు సాడ్ హౌస్‌ని ఒకచోట "మట్టి ఇల్లు" అన్నావు, ఇంకోచోట "పూరిగుడిసె" అన్నావు. రెండూ కావు. అది కోసిన నేల. గడ్డివేళ్లు అల్లుకుపోయిన నేలని ప్రత్యేకమైన నాగలితో పట్టీలుగా చీల్చి, పారతో రెండు మూడడుగుల ముక్కలుగా కోసి, గడ్డి వైపు కిందికి తిప్పి ఇటుకల్లా పేర్చేవాళ్లు. వేళ్లే దానికి సిమెంటు. గోడ రెండు మూడడుగుల మందం, అందుకే కిటికీ గూడు లోతుగా ఉంటుంది, అందులో జెరేనియం కుండీ పెట్టుకోవడం ఆ ఇళ్లలో ఆడవాళ్లకి పెద్ద ముచ్చట. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది, మా అమ్మమ్మవాళ్ల మట్టిమిద్దె లాగే. వాన పడితే మాత్రం బయట ఆగాక కూడా లోపల రెండు మూడు రోజులు కురుస్తూనే ఉంటుంది. పైనుంచి మట్టీ, పురుగులూ, ఒక్కోసారి పామూ పడకుండా కప్పు కింద తెల్లటి ముతక గుడ్డ కట్టేవాళ్లు. ఆ గుడ్డ మధ్యలో బరువుగా ఏదో కదులుతూ కిందికి జారుతుంటే కింద పిల్లలు అన్నం తింటూ... నాకైతే నాలుగు సూర్యాస్తమయాల కంటే ఇదొక్కటి చాలు. దానికి "పచ్చికపెళ్లల ఇల్లు" అని ఒకసారి వివరంగా చెప్పి, ఆ తర్వాత "పెళ్లల ఇల్లు" అనుకుంటూ పో. ఆ గడ్డిమైదానాన్ని, ప్రెయిరీని, ప్రెయిరీ అనే ఉంచు, "శాద్వలం" అనే మాట నిఘంటువులోనే హాయిగా ఉంది, దాన్ని లేపకు.

అలాగే వెన్న. ఎమ్మా సవతితల్లి "కవ్వంతో మజ్జిగ చిలికింది" అని రాశావు. వాళ్లు మజ్జిగ చిలకరు, మీగడ చిలుకుతారు. తాడూ కవ్వమూ ఉండవు, నిలువుపాటి పీపాలో కర్రని పైకీ కిందికీ దంచినట్టు ఆడిస్తారు. ఆ వెన్నకి నీ నవలలో చాలా పనుంది. గుడ్లూ వెన్నా ఆడవాళ్ల సొంత రాబడి. పంట డబ్బు మగవాడిది, అది ఏడాదికి ఒకసారి వస్తుంది, వస్తే. గుడ్లు వారం వారం ఊళ్లో షాపుకి వెళ్తాయి, షాపువాడు డబ్బు చేతికివ్వడు, ఖాతాలో రాసుకుని కాఫీ, పంచదార, నూలు గుడ్డ ఇస్తాడు. పంట పోయిన ఏడు ఎన్నో ఇళ్లు ఆ గుడ్ల మీదే గడిచాయి. అయినా తండ్రి "నా పొలం" అంటాడు, తల్లి "మన పొలం" అంటుంది. ఒక్క సర్వనామం తేడా, అంతే, దానికి వేరే సంభాషణ అక్కర్లేదు.

ఇప్పుడు నిన్ను కొంచెం గట్టిగా అడగాలి. కథ ఊళ్లో జరుగుతుందన్నావు. ఊరేదీ? ఒక చర్చీ, ఒక దుమ్ము రోడ్డూ తప్ప నాకేమీ కనపడలేదు. ఆ ఊళ్లు మన ఊళ్లలా చెరువు పక్కనో గుడి చుట్టూరానో పెరిగినవి కావు. రైలు కంపెనీ గీత గీసి, ఆవిరి ఇంజిన్‌కి నీళ్లు కావాల్సినచోట, రైతు బండి ఒక్క రోజులో వచ్చి వెళ్లగల దూరంలో ఒక్కో స్టేషను పెట్టి, ప్లాట్లు కోసి అమ్మింది. అచ్చం మన రియల్ ఎస్టేట్ వెంచర్లే. నువ్వు మీ లింకన్ ఊరి నుంచి పడమటికి కారేసుకుని వెళ్లు, బర్లింగ్టన్ రైలు కంపెనీ పెట్టిన పేర్లు వరసగా చదువు. క్రీట్, డార్చెస్టర్, ఎక్సిటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్, ఇన్‌లాండ్, జూనియాటా, కెనసా, లోవెల్. ఇంగ్లీషు అక్షరమాల! ఎవరో గుమాస్తా కుర్చీలో కూర్చుని సి, డి, ఇ, ఎఫ్ అనుకుంటూ ఊళ్లకి పేర్లు పెట్టాడు. నీ ఎమ్మా ఊరికి నువ్వు పెట్టిన పేరు చాలా కవితాత్మకంగా ఉంది, మార్చు.

కస్టర్ కౌంటీకి ముఖ్యమైన ఊరు బ్రోకెన్ బో దాకా రైలు వచ్చింది 1886లోనే. ఆ ఏడాది ఊరెలా ఉంటుందో ఊహించు. డిపో, కలప అడితి, గుర్రాల సాల, కమ్మరి కొలిమి, హోటలు, ముందువైపు మాత్రం రెండంతస్తుల్లా పలకలు కొట్టి వెనక చూస్తే ఒకే అంతస్తున్న షాపులు. ఓ వార్తాపత్రిక కూడా తప్పకుండా ఉంటుంది. ఎందుకంత చిన్న ఊళ్లో పత్రిక అంటే, క్లెయిము పక్కా చేసుకునే ప్రతి రైతూ ముందు దగ్గరి పత్రికలో నోటీసు వేయించాలి, దానికి డబ్బు కట్టాలి, ఎడిటరు పొట్ట గడిచేది దానితోనే. అక్షరాలు పేర్చే పనికి ఆడపిల్లల్ని పెట్టుకున్న పత్రికలున్నాయి. ఎమ్మా పంతులమ్మగానే ఎందుకుండాలి? ప్రెయిరీ కథల్లో ప్రతి పిల్లా పంతులమ్మే. ఊళ్లో టోపీలు కుట్టే షాపు ఆడవాళ్లదే, బట్టలు కుట్టడం, భోజనాల హోటలు నడపడం ఆడవాళ్ల పనులే. పోనీ పంతులమ్మగానే ఉంచు, కానీ వేసవిలో బడి లేని నెలల్లో ఆమెని ప్రెస్సులో కూర్చోబెట్టు. ఎవరెవరు ఏ భూమి సొంతం చేసుకుంటున్నారో ఒక్కో అక్షరం తలకిందులుగా పేరుస్తూ చదువుతుంది. పేర్లన్నీ ఆమె వేళ్ల మీదుగా వెళ్తాయి. ఆమె పేరు తప్ప.

ఇంకొక పిల్ల కూడా ఆ ఊళ్లో ఉండాలి, నీ నవల్లో లేదు. ఇంటి పనిపిల్ల. చెక్ వాళ్లూ, స్వీడన్ వాళ్లూ, డేన్ వాళ్లూ పొలం అప్పు తీర్చడానికి పెద్దకూతుర్ని ఊళ్లో డాక్టరు ఇంట్లోనో బ్యాంకు వాళ్ల ఇంట్లోనో పనికి పెట్టేవాళ్లు. ఆ పిల్ల జీతం తండ్రికి వెళ్లేది. ఆ డబ్బుతో గేదెలు కాదు, నాగలో కోత యంత్రమో వచ్చేది. తమ్ముళ్లు చదువుకునేవాళ్లు. ఆమెకి మిగిలింది ఇంగ్లీషు. వంటింట్లో పళ్లేలు కడుగుతూ చెవులతో నేర్చుకున్న ఇంగ్లీషు. అమెరికా వచ్చిన కొత్తలో కాల్ సెంటర్ వాళ్ల మాట అర్థంకాక ఫోన్ పెట్టేసి ఏడ్చానని నువ్వే రాశావు నాకు. ఆ పిల్లని ఎమ్మా కంటే నువ్వే బాగా రాస్తావని నా అనుమానం.

సరే, మంచు తుపాను. అందరూ దాని కోసమే చదువుతారని నీకు తెలుసు, నాకూ తెలుసు. 1888 జనవరి 12. పొద్దున ఆ కాలానికి లేనంత హాయిగా ఉంది, పిల్లలు పల్చటి కోట్లు వేసుకుని బడికి వచ్చారు, కొందరు అసలు కోట్లే లేకుండా. తర్వాత వాయవ్యం నుంచి పిండి జల్లినట్టు మంచు, చాచిన చెయ్యి కనపడదు. నెబ్రాస్కా, డకోటాల్లో చనిపోయినవాళ్లు 235 మంది అని సాధారణంగా చెప్పే లెక్క, వాళ్లలో చాలామంది బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలు. నువ్వు ఎమ్మా చేత పిల్లలందరికీ తాడు కట్టించి కాపాడించావు. ఇది మినీ ఫ్రీమన్ కథ. ఆర్డ్ దగ్గర మీరా వ్యాలీలో పంతొమ్మిదేళ్ల పంతులమ్మ, పెళ్లల బడి కప్పు ఎగిరిపోతే పిల్లల్ని దగ్గరి ఇంటికి చేర్చింది. దేశమంతా మోగిపోయింది, ఆమె మీద పాట కట్టారు, బహుమతులొచ్చాయి, చూడని మగవాళ్లు పెళ్లి చేసుకుంటామని ఉత్తరాలు రాశారు. తాడు నిజంగా కట్టిందా లేదా అనేది అప్పటి నుంచీ తెగని వాదన, అయినా తాడు లేకుండా ఆ కథ ఎవరూ చెప్పరు.

అదే రోజు ప్లెయిన్‌వ్యూ దగ్గర లోయీ రాయిస్ అనే ఇంకో పంతులమ్మ ఉంది. బడిలో పొయ్యిలోకి ఏమీ మిగల్లేదు. ముగ్గురు పిల్లలున్నారు, పెద్దవాళ్లకి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. ఆమె ఉంటున్న ఇల్లు కూతవేటు దూరం. బయల్దేరారు. ఇల్లు దొరకలేదు. రాత్రంతా బయటే. ముగ్గురు పిల్లలూ ఆమె పక్కనే ఒకరి తర్వాత ఒకరు పోయారు. తెల్లారాక ఆమె పాక్కుంటూ ఓ ఇల్లు చేరింది. తర్వాత రెండు పాదాలూ తీసేశారు. హోల్ట్ కౌంటీలో ఎటా షాటక్ అనే పంతొమ్మిదేళ్ల పిల్ల గడ్డివాములో దూరి మూడు రాత్రులు ఉండిపోయింది, ఫిబ్రవరిలో చనిపోయింది. ఒమాహా బీ పత్రిక వీళ్ల కోసం వీరవనితల నిధి అని పెట్టి చందాలు పోగుచేసింది. చూశావా, అక్కడా లెక్కే, ఏ పిల్లకి ఎంత అని.

నీకు నేను చెప్పలేను, ఎమ్మాని మినీ చెయ్యి, లోయీ చెయ్యి అని. ఒకటి మాత్రం అడుగుతాను. ఇద్దరూ ఒకే తెలివితో, ఒకే భయంతో తలుపు తీశారు. ఒకరికి గాలి ఎటునుంచి తగిలిందో, ఇంకొకరికి ఎటునుంచి తగిలిందో, అంతే తేడా. నీ అధ్యాయంలో ఎమ్మా ధైర్యం వల్ల పిల్లలు బతికారని ఉంది. ఆ వాక్యం చదివితే లోయీ రాయిస్‌కి ఎలా ఉంటుంది? ఎమ్మా పిల్లలందర్నీ బతికించనీ, ఫర్వాలేదు, కానీ వారం తర్వాత పోస్టాఫీసులో నిలబడి పేపర్లో ఆ రెండో పంతులమ్మ వార్త చదవనీ. అక్కడ ఆమె ముఖం రాయకు. చేతుల్లో పేపరు రాయి.

మరొకటి, ఇది నిజంగా కోపంతోనే చెప్తున్నాను. మొదటి పేజీలో "ఆ నేల మీద అంతవరకు మనిషి అడుగు పడలేదు" అన్నావు. పడింది. పౌనీ తెగవాళ్లని ఆ లూప్ నది ఒడ్డు నుంచి ఇప్పటి ఓక్లహోమా వైపు పంపించి అప్పటికి పదేళ్లు దాటింది, అంతే. 1879లో ఒమాహా కోర్టులో పోంకా తెగ నాయకుడు స్టాండింగ్ బేర్ తన కొడుకు అస్థికలు సొంత నేలలో కలపడానికి తిరిగొచ్చినందుకు అరెస్టయి, నేనూ మనిషినే అని నిరూపించుకోవాల్సి వచ్చింది. జడ్జి ఒప్పుకున్నాడు, చట్టం దృష్టిలో ఇతను వ్యక్తే అని. ఆయన మాటలు ఇంగ్లీషులో చెప్పిన సుసెట్ లా ఫ్లెష్ ఒమాహా తెగ అమ్మాయి. ఆమె చెల్లెలు సూసన్ 1865లో పుట్టింది, నీ ఎమ్మా కంటే మూడేళ్లు పెద్ద. ఎమ్మా మూడో తరగతి సర్టిఫికెట్‌తో పిల్లలకి ఎక్కాలు చెప్తున్న రోజుల్లో ఆమె ఫిలడెల్ఫియాలో డాక్టరీ చదువుతోంది, 1889లో పాసై నెబ్రాస్కా తిరిగొచ్చింది. అదే గడ్డి, అదే చలి, ఇంకో యువతి. ఆమెని తీసుకొచ్చి నవల్లో ఇరికించమని కాదు. "అడుగు పడలేదు" అనే మాట ఎమ్మా నోటి నుంచి రావచ్చు, ఆమెకి అలాగే చెప్పి ఉంటారు. నీ కలం నుంచి రాకూడదు, నీకు తెలుసు కాబట్టి.

మన దగ్గరి పోలికలు తెద్దామా అని అడిగావు. ఎమ్మా పక్క కౌంటీలో మిడతల దండు పడి పొలాలు, ఉల్లిపాయలు, గుర్రపు జీను తోళ్లు కూడా తినేసింది 1874లో, రెండేళ్లు తిరిగేసరికి మన రాయలసీమలో ధాత కరువు. అక్కడ వితంతువు తన పేరున 160 ఎకరాలు రాయించుకుంటున్న రోజుల్లోనే రాజమండ్రిలో 1881 డిసెంబరులో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించడానికి నానా అవస్థలూ పడ్డారు. నాకు కూడా నోరూరింది, నిజం. మార్జిన్లో రాసుకుని మళ్లీ నేనే కొట్టేశాను. అది నీకూ నాకూ తెలిసిన సంగతి, ఎమ్మాకి కాదు. ముందుమాటలో పెట్టుకో, ముచ్చట తీరుతుంది.

ఫోటోల గురించి ఒక్క మాట. సోలమన్ బుచర్ 1886 నుంచి కస్టర్ కౌంటీ అంతా బండిలో తిరిగి తీసిన ఫోటోల గాజు ప్లేట్లు నెబ్రాస్కా చరిత్ర సంస్థ దగ్గర ఉన్నాయి, మీ లింకన్లోనే. గంటలు గంటలు చూడు. కొండవాలుకి ఆనించిన ఇంటి కప్పు మీద ఆవు నిలబడి ఉంటే, కింద కుటుంబం బల్ల ముందు పుచ్చకాయతో కూర్చున్న ఫోటో ఒకటుంది, నాకు మహా ఇష్టం. ఇంకొకదాంట్లో ఇంటావిడ తమకి ఆర్గన్ ఉందని తూర్పున ఉన్న బంధువులకి చూపించాలనుకుంది, కానీ పెళ్లల ఇల్లు ఫోటోలో పడితే నామోషీ. అందుకని ఆర్గన్ని ఆరుబయటికి మోయించి, పశువుల మధ్య పెట్టి తీయించుకున్నారు. ఆ బరువు మోసింది ఎవరో, మళ్లీ లోపల పెట్టింది ఎవరో ఫోటోలో లేదు. అక్కడ మొదలవుతుంది కథ. అయితే బుచర్‌ని కూడా గుడ్డిగా నమ్మకు. 1885లో పశువుల ఆసాముల కంచె తెంపిన సంఘటనని ఆయన 1900లో మనుషుల్ని నిలబెట్టి మళ్లీ తీశాడు.

ఆ పాత పత్రికలు కూడా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు ఊరికే చదవనిస్తున్నారు. సంపాదకీయాలు వదిలెయ్, ప్రకటనలు చదువు. గుడ్లు డజను ఎంత, వెన్న పౌను ఎంత, చలికాలం బూట్లు ఎంత. ఓ పాత లెక్కల పుస్తకం తీసుకుని ఎమ్మా పేరు మీద పద్దు రాయి, 1886 నుంచి ఆమెకి ఇరవై ఒకటి వచ్చే 1889 దాకా. అది నవల్లో రాదు, నీ టేబుల్ మీద ఉంటుంది. బూట్లకి డబ్బు చాలని నెల ఒకటి నీకు దొరుకుతుంది, నాలుగో అధ్యాయం ఆ నెల నుంచి మొదలుపెట్టు.

నేను ఏప్రిల్లో ఒమాహా వస్తున్నాను, మా అమ్మాయికి రెండో కాన్పు. వీలైతే ఒక ఆదివారం మనిద్దరం బియాట్రిస్ వెళ్దాం, హోమ్‌స్టెడ్ మ్యూజియం ఉందిగా అక్కడ, 1863 జనవరి 1న క్లెయిము రాయించుకున్న డేనియల్ ఫ్రీమన్ పొలంలోనే. కిందటిసారి వచ్చినప్పుడు మోకాలి నొప్పితో ఆ గడ్డిలోకి నడవలేకపోయాను. నీకు గోంగూర పచ్చడి తెస్తాను, ఇంకేమైనా కావాలంటే ముందే చెప్పు, సూట్‌కేసు సగం పసిపిల్ల బట్టలకే పోతుంది. నాలుగో అధ్యాయం ప్రింటు తీసి ఉంచు, అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు.

పెద్దమ్మ